పగటి దివిటీలు

పూర్వము సంస్థానాధీశులు పల్లకి యెక్కి యూరేగునపుడు పట్టపగలే ముందు దివిటీలు పట్టించుకొనుట యొక గొప్ప మర్యాదగా నుండెడిది. చిన్ననాడు మా తాతగారీ ముచ్చట చెప్పగా మేము నవ్వి, "సూర్యుడుండగా దివిటీ యెందుకు తాతయ్యా? చమురు దండుగ గాదా?" యని యడిగితిమి. "పిచ్చితల్లీ, ఆ దివిటీ దొర దారి చూచుకొనుటకు గాదు, దారిలోనివారు దొరను చూచుటకు" అని యాయన సమాధానము చెప్పెను. ఆ మాట యప్పుడు నవ్వులాటగా తోచినది. ఇన్నేండ్లకు, మొన్న మాఘమాసమున, మా చిన్న కారు వెనుక నొక లారీ బ్రేకు వేసిన కీచుధ్వని విన్ననాడు దాని పూర్తి యర్థము మాకు బోధపడినది. సోదరీమణుల యిండ్లలో నిట్టి యనుభవమునకు చోటు లేకుండుగాక యని యీ మాసమా సంగతి వ్రాయుచున్నాము.

మా యింట నున్నది తొమ్మిదేండ్లనాటి కారు. మావారు పాఠశాలకు సైకిలుమీదనే పోవుదురు గాన, అది పెండ్లిండ్లకును, తీర్థయాత్రలకును, అత్తగారిని వైద్యుని యొద్దకు తీసికొనిపోవుటకును మాత్రమే బయలుదేరును. మా యన్నగారి కుమారుడు ఇంజనీరింగు చదువుచున్నవాడు, సెలవులకు మా యింటికి వచ్చి దానిని చూచి పెదవి విరిచెను. "అత్తయ్యా, ఇప్పటి కార్లకు పగలే ముందువైపు తెల్లని దీపాలు వెలుగుతున్నాయి. మన కారు నగలేని మెడలా బోసిగా ఉన్నది. మూడువేలిస్తే నేనే పెట్టించేస్తాను" అనెను. అత్తను లొంగదీయుటకు ఏ పోలిక చెప్పవలయునో వానికి తెలియును. పోపులడబ్బాలో దాచిన 3,000 రూపాయలు తీసి, మావారితో ఒక్కమాటయైన చెప్పక, వాని చేతిలో పెట్టితిమి.

ఫోనులో కోరి తెప్పించిన పెట్టె మూడవనాడు వచ్చినది. అందు రెండు మెత్తని పట్టీలు, కొన్ని తీగెలు, మాలో నెవరికిని చదువరాని భాషలో నొక కాగితము నుండెను. బజారులో కార్లకు సింగారములు చేయు దుకాణమున కుర్రవాడొకడు సాయపడగా ఒక పూటలో పని ముగిసెను. తాళము త్రిప్పగనే కారు ముందు రెండు తెల్లని రేఖలు తళుక్కుమన్నవి. అందరికంటె మేమే యెక్కువ మురిసితిమి. తీగె నెక్కడ కలిపిరని యడుగలేదు. చీకటి పడిన పిమ్మట నా దీపము లేమి చేయవలయునని యడుగలేదు. వంకాయలు కొనునప్పుడు పుచ్చు గలదా లేదా యని ప్రతి కాయను త్రిప్పి చూచు మేము, 3,000 రూపాయల పనికి ఒక్క ప్రశ్నయు వేయకపోతిమి.

పది దినములు గడచినవి. ఇరువది కిలోమీటర్ల దూరమున నున్న గ్రామమున బంధువుల పెండ్లికి పోయి సాయంకాలము మరలివచ్చుచుంటిమి. మావారు కారు నడుపుచుండిరి. వారి ప్రక్కను మేనల్లుడు. వెనుక అత్తగారు, మేము, మా ఒడిలో తల పెట్టుకొని నిద్రించు ఏడేండ్ల మా అమ్మాయి. కాలువగట్టు రోడ్డు, ఇరుప్రక్కల చింతచెట్లు. ఆరున్నర గంటల వేళ వెలుగు తగ్గి, ఇంకను చీకటి కాక, సందెమసక క్రమ్మియుండెను. కారు ముందు తెల్లని కాంతి పడుచున్నది. చక్రము వెనుక నుండు గడియారపు బిళ్లలును వెలుగుచున్నవి. అందుచే దీపములు వేసియే యున్నవని మావారు తలచిరి. నిజమునకు వారు మీట ముట్టనే లేదు. ముందు వెలుగుచున్నవి మా కొత్త పట్టీలు మాత్రమే. వెనుక నుండవలసిన ఎర్రదీపములు రెండును ఆరియే యున్నవి.

ఎదుట నొక గేదెలమంద యడ్డురాగా మావారు వేగము తగ్గించిరి. అంతలో వెనుకనుండి చెవులు పగులునట్లు హారను, దానివెంట చక్రముల కీచుధ్వని. తిరిగి చూచుసరికి లారీ మొగము వెనుక అద్దము నిండ నుండెను. అది మా కారునకు బారెడు దూరమున నాగినది. అత్తగారి నోట మాట రాలేదు. అమ్మాయి లేచి ఏడ్చినది. లారీ నడుపు పెద్దమనిషి దిగివచ్చి, తిట్టుననుకొన్నవాడు తిట్టక, మా కారు చుట్టును ఒక్కసారి తిరిగి యిట్లనెను: "అమ్మా, మీ బండికి ముందు దీపావళి, వెనక అమావాస్య. ఎదురొచ్చేవాడు మిమ్మల్ని చూస్తాడు. వెనకొచ్చేవాడి గతేంటి? వెనక సీట్లో పసిపిల్ల ఉన్నదే!" మావారు మీట త్రిప్పిరి. ఎర్రదీపములు వెలిగినవి. ఆయన తల యూపి వెడలిపోయెను. ఆయన పేరైన నడుగు తెలివి మాకప్పుడు లేకపోయెను.

ఆ రాత్రి మా యింట నెవరును సరిగా భుజింపలేదు. మేనల్లుడు వీధియరుగుమీద తల వంచుకొని కూర్చుండెను. పోపులడబ్బా సొమ్ము సంగతి మేము మావారితో నప్పుడు చెప్పితిమి. వారు కోపింపలేదు. లెక్క తప్పిన విద్యార్థి పలక నెట్లు చూతురో అట్లు చూచి, "తప్పు ఎవరిదను మాట పిమ్మట. లెక్క యెచట తప్పినదో ముందు వెదకుడు" అనిరి. తరువాతి వారము మేము మువ్వురము వెదకి తెలిసికొన్న దిది.

పగలు వెలుగు ఈ దీపములను డే టైమ్ రన్నింగ్ లైట్లందురు. ఈ యాచారము పుట్టినది ఉత్తరపు శీతలదేశములలో. అచట చలికాలమున సూర్యుడు ఆకాశమున పైకెక్కక దిగంతము నంటియే తిరుగును. మధ్యాహ్నమైనను సందెవేళవలె నుండును. అందుచే స్వీడను దేశమున 1977వ సంవత్సరము నుండి పగలును దీపములు వేసికొని బండ్లు నడుపవలెనని శాసించిరి. కెనడాలో 1989 డిసెంబరు నుండి తయారైన బండ్లకిట్టి దీపములు విధిగా నుండవలసివచ్చెను. ఐరోపా సమాఖ్యలో 2011 ఫిబ్రవరి నుండి వెలువడిన కొత్త నమూనా కార్లన్నిటికి వీనిని నియమించిరి. మన దేశమున 2017 ఏప్రిల్ 1 నుండి తయారైన మోటారు సైకిళ్లకును స్కూటర్లకును ఇంజను నడచినంతసేపు ముందు దీపము దానంతట నదియే వెలుగవలెనను నియమము వచ్చెను. మధ్యాహ్నమున దీపము వెలుగుచు పోవు స్కూటరును చూచి "అమ్మా, లైటు!" అని వ్రేలు చూపి హెచ్చరించిన వారిలో మేమును ఒకరము. అది మరపు గాదు, నియమమని ఆలస్యముగా తెలిసినది.

ఆ సంవత్సరముననే మరియొక విశేషము జరిగినది. 2017 మే 1 నుండి మంత్రులు మొదలగు అధికారుల కార్లపై తిరుగు ఎర్రదీపములను తీసివేయించిరి. ఒక్కనెల యెడములో అధికారపు దివిటీ ఆరినది. పాలు పోయువాని బండికిని, కాలేజికి పోవు పిల్ల స్కూటీకిని పగటి దివిటీ వెలిగినది. మా తాతగారుండినచో ఈ మార్పునకెంతయో సంతోషించెడివారు.

ఎండలు మండు మన దేశమున దీపమెందుకని కొందరు సోదరీమణులు శంకింపవచ్చును. మన రోడ్లమీద చెట్ల నీడయు ఎండయు చారలుచారలుగా పడును. నీడలోనుండి వచ్చు బూడిదరంగు కారు, ఎండకు చికిలించిన కంటికి చాల దగ్గరకు వచ్చినదాక ఆనదు. దీపముండినచో నది దూరమునుండియే కంటిని పిలుచును. ఒక బండిని దాటి పోదలచినవానికిని, రోడ్డు దాటనున్న ముసలివారికిని ఆ రెండు మూడు క్షణముల ముందస్తు హెచ్చరికయే ప్రాణాధారము. కావున పగటి దీపము వట్టి సింగారము గాదు. సింగారమని తలచుటయే మేము చేసిన మొదటి తప్పు.

దీపములు రెండు జాతులు: మనము చూచుటకు పెట్టుకొనునది యొకటి, ఇతరులు మనలను చూచుటకు పెట్టునది మరియొకటి. హెడ్ లైటు మొదటి జాతిది. అది కాంతిని రోడ్డుమీదికి దింపును. పగటి దీపము రెండవ జాతిది. అది ఎదుటివాని కంటికి కనబడిన చాలును, దారి చూపనక్కరలేదు. ఐక్యరాజ్యసమితి వారి వాహన నియమములలో దీనికొక కొలత గలదు. ఒక్కొక్క దీపము 400 క్యాండెలాలకు తగ్గరాదు, 1,200 క్యాండెలాలకు మించరాదు. ఒక కొవ్వొత్తి వెలుగు సుమారొక క్యాండెలా యనుకొన్నచో, ఈ దీపమెంత తీక్ష్ణమో సోదరీమణులే యూహింపగలరు. మిట్టమధ్యాహ్నమున నంత తీక్ష్ణత కావలయును. కాని చీకటిలో నదే వెలుగు ఎదుటివాని కన్నులకు మిరుమిట్లు గొలుపును. కావున హెడ్ లైటు వేయగనే పగటి దీపము తనంత తానారవలయును, లేదా పార్కింగు దీపమంత మందముగా తగ్గిపోవలయును. అత్తగారు వంటయింటిలో నడుగుపెట్టగనే కోడలు గరిటె ప్రక్కన పెట్టినట్లని మా అత్తగారే నవ్వుచు చెప్పిరి. మా పట్టీలకీ మర్యాద తెలియదు. అవి రేయింబవళ్లు ఒక్కతీరున మండుచుండెను. పది రాత్రు లెదురుగా వచ్చినవారి నెంత బాధించితిమో తలచినచో సిగ్గగుచున్నది.

రెండవ దోషము దీపమున్న చోటు. ఆ నియమముల ప్రకారము దీపము నేలకు 25 సెంటీమీటర్లకు తక్కువ యెత్తున నుండరాదు, 150 సెంటీమీటర్లకు మించరాదు. రెంటి నడుమ 60 సెంటీమీటర్ల యెడముండవలయును. అప్పుడే చూచువాడు వచ్చునది కారని గుర్తించి, అదెంత దూరమున నున్నదో యంచనా వేయగలడు. మా పట్టీలు మలుపు తెలుపు ఇండికేటరును ఆనుకొని యుండెను. తెల్లని వెలుగు ప్రక్కను పసుపు వెలుగు మిణుకుమన్నను కానరాదు. కంపెనీవారమర్చు కార్లలో పలుచోట్ల ఇండికేటరు వేయగనే ఆ ప్రక్క పగటి దీపము ఆరుట, లేక తగ్గుట సోదరీమణులు గమనించియుందురు. అది చెడిపోవుట గాదు, ప్రక్కవానిని మాటాడనిచ్చుట.

మూడవ దోషము లోపలి తీగెలలో నుండెను. ఈ దీపములు ఎల్‌ఈడీ జాతివి. వీనిలో నీలపు వెలుగునిచ్చు చిన్న పలుకుపై పసుపుపచ్చని పొడి పూత యుండును. నీలము పసుపుతో కలిసి మన కంటికి తెలుపుగా తోచును. ఆ నీలపు పలుకును సాధించినందులకే జపాను దేశమున బుట్టిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురా యను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమాన మిచ్చిరి. ఒక్కొక్క పలుకునకు సుమారు 3 వోల్టులు చాలును. మూడింటిని వరుసగా కూర్చినచో 9 వోల్టులు. కారు నిలిచియున్నపుడు బ్యాటరీ పన్నెండున్నర వోల్టులిచ్చును. ఇంజను నడచునపుడు 14 దాటును. చౌక పట్టీలలో ఈ మిగులును ఒక చిన్న నిరోధకము వేడిగా మార్చి పారవేయును. మిగులు మూడున్నర నుండి అయిదుకు పెరిగినచో పలుకులలో పారు విద్యుత్తు సుమారు 40 పాళ్లు హెచ్చును. మంట హెచ్చిన పాలవలె నవి త్వరలో మాడును. మంచి దీపములలో నేయెడనైనను ఒకే పరిమాణమున విద్యుత్తు నిచ్చు డ్రైవరను పరికరముండును. కొనునపుడు అది గలదా యని యడుగవలయును.

అంతకంటె భయంకరమైన సంగతి మరియొకటి. ఆ దుకాణపు కుర్రవాడు కారులోనున్న తీగె పొరను గీకి, కొత్త తీగెను దానికి మెలివేసి, పైని నల్లని పట్టీ చుట్టి విడిచెను. ఫ్యూజు పెట్టలేదు. రెండు దీపములకును కలిసి 20 వాట్లనుకొన్నచో, 12 వోల్టుల యొద్ద రెండు ఆంపియర్లకు లోపే విద్యుత్తు పారును. 3 ఆంపియర్ల ఫ్యూజు చాలును. అది లేనిచో, ఎలుక కొరికి రాగి బయటపడి ఇనుమునకు తగిలిననాడు, ఫ్యూజు కరగుటకు మారు తీగెయే కాలును. తీగె పక్కనే యింధనపు గొట్టములు గల చోటది. కొందరు తీగెను తిన్నగా బ్యాటరీకే కలుపుదురు. అట్టి దీపము కారు నిలిపినను ఆరదు. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియరు గంటలదైనచో, ఒక పగలును ఒక రాత్రియు గడచుసరికి పూర్తిగా నిండుకొనును. అర్ధరాత్రి పురిటినొప్పులకు కారు తీయబోయిన యింటిలో నిట్లు జరిగిన నేమగును?

ఇక మా లారీ సంగతి. అది తీగెల దోషము మాత్రమే గాదు. కెనడాలో నున్న మా పినతల్లి కుమార్తెతో ఫోనులో ఈ కథ చెప్పగా ఆమె యాశ్చర్యపడక, "అక్కా, ఇక్కడ ఇటువంటి కార్లను దయ్యపు బండ్లంటారు" అని చెప్పినది. అచట పగటి దీపములు కంపెనీవారే అమర్చినవైనను, ముందు వెలుగును, చేతిముందరి బిళ్లల వెలుగును చూచి నడుపువారు దీపములన్నియు వేసితిమని భ్రమపడి, వెనుక చీకటితోనే పోవుచుండిరట. దానిని మాన్పుటకు 2021 సెప్టెంబరు నుండి కొత్తగా తయారగు బండ్లకు కెనడా ప్రభుత్వము మూడు మార్గములు చూపినది: పగటి దీపములతోపాటు వెనుక దీపములును వెలుగవలయును; లేదా చీకటి పడగనే అన్నియు తమంత తామే వెలుగవలయును; లేదా నడుపువాని యెదుటి బిళ్లలు చీకటిగానే యుండి, దీపము వేయలేదని వానికి తెలియజేయవలయును. స్వీడనువలె పగలును హెడ్ లైట్లే వేయుచోట వెనుక దీపములును వాటితో వెలుగుట వలన నీ చిక్కు తక్కువ. ముందు మాత్రమే వెలుగు ఏర్పాటు చేసిన ప్రతిచోటను ఈ భ్రమకు తావు గలదు. ఇన్నేండ్లు కారు నడిపిన మావారే భ్రమపడిరి. అందుచే ఈ దీపము పెట్టించు ప్రతి గృహిణియు మొదట తలపోయవలసినది ముందును గూర్చి గాదు, వెనుకను గూర్చి. కారులో ఆడవారమును పిల్లలమును కూర్చుండు చోటు సాధారణముగా వెనుకనే గదా.

తరువాత మేము చేసిన దేమనగా, కార్ల విద్యుత్తుపనిలో నలువదేండ్లు చేయి తిరిగిన పెద్దవానిని పిలిపించి పట్టీలను తీయించితిమి. గీకిన తీగెను ఆయన సరిగా అతికి, దానిమీద వేడికి ముడుచుకొను గొట్టము తొడిగెను. మా నమూనాకు కంపెనీవారే తయారుచేసిన పగటి దీపముల జత, తీగె కోయనక్కరలేని అమరికతో, వారి దుకాణమున దొరకునని ఆయనయే చెప్పెను. దాని వెల 6,400 రూపాయలు. పోపులడబ్బాలో మిగిలినదియు, మావారు పుస్తకములకై దాచినదియు కలిపి కొంటిమి. ఆ దీపము గాజుపై వలయములో నొక "ఈ" గుర్తును, "ఆర్ఎల్" అను నక్షరములును ఉన్నవి. పగటి దీపముగా పరీక్షింపబడినదని దాని భావము. వెనుక నొక రిలే గలదు. రిలే యన చిన్న తీగె చెప్పినమాట విని పెద్ద తీగెకు తలుపు తీసి మూయు ద్వారపాలకుడు. పార్కింగు దీపము వెలిగినదన్న వార్త తెలియగనే అది పగటి దీపమును తగ్గించివేయును. పెద్దవాడు పని చేయుచుండగా మేనల్లుడు ప్రక్కను కూర్చుండి ప్రతి తీగె రంగును పుస్తకములో వ్రాసికొనెను. పోయిన మూడువేలు వాని చదువు ఖర్చులో వ్రాసితిమి.

చట్టమును గూర్చియు ఒకమాట చెప్పవలయును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రమున నున్న వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చుట కూడదు. 2019లో చేసిన సవరణ ప్రకారము, అనుమతి లేని భాగములమర్చి బండిని మార్చిన యజమానికి ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాగాని, ఆరు మాసముల వరకు కారాగారముగాని విధింపవచ్చును. ముందువైపు ఎర్రని దీపము, పోలీసు బండ్లవలె నీలపు దీపము, మిణుకుమిణుకుమను దీపము పిల్లలెంత బ్రతిమాలినను పెట్టింపరాదు. కొత్త కారు తీగె కోసినచో కంపెనీవారి గ్యారంటీకి భంగము కలుగవచ్చును. కావున పని మొదలుపెట్టుటకు ముందే కంపెనీ దుకాణమునను, సందేహమున్నచో రవాణా కార్యాలయమునను అడిగి తెలిసికొనుట మేలు.

మీ యింటి పిల్లవాడు మా మేనల్లునివలె చేయి చాచినపుడు సొమ్ము లేదనకుడు. కోరిక చెడ్డది గాదు. కాని సొమ్ము చేతిలో పెట్టుటకు ముందీ ప్రశ్నలు వేయుడు. హెడ్ లైటు వేసినపుడిది తగ్గునా? తాళము తీసిన పిమ్మట ఆరునా? దీనికి వేరు ఫ్యూజు గలదా? తీగె గీకుదురా, లేక అమరికతో తగిలింతురా? ఇండికేటరు దీని ప్రక్కను స్పష్టముగా కానవచ్చునా? పని ముగిసిన పిమ్మట సందెవేళ కారును వీధిలో నిలిపి, ఇరువది అడుగులు ముందుకును, ఇరువది అడుగులు వెనుకకును నడచి మీ కన్నులతో చూడుడు. ఇందులకు ఇంజనీరింగు చదువక్కరలేదు.

కారునకు తెలివైన దీపములు వచ్చినను, సందెవేళ మీట త్రిప్పు పని మా కారులో నింకను మనుష్యునిదే. దానికి మా అత్తగారొక యుపాయము చేసిరి. ఇంటిలో నుండినచో తులసికోట కడ దీపము పెట్టు వేళకు, కారులో నున్నను వారి మనసుకు గంట కొట్టినట్లగును. వెంటనే వెనుకనుండి, "నాయనా, దీపాలు పెట్టు వేళయినది" అందురు. మావారు మీట త్రిప్పుదురు. బయలుదేరుటకు ముందు పొద్దు గ్రుంకియుండినచో మా అమ్మాయి కారు వెనుకకు పరుగెత్తి, "రెండూ వెలిగినవి నాన్నా!" యని కేక వేసిన గాని బండి కదలదు.

మొన్న ఆదివారము ఆ కాలువగట్టు రోడ్డుననే మరలివచ్చితిమి. అదే చోట ఎదురుగా నొక కారు వచ్చుచుండెను. దాని ముందు తెల్లని రేఖలు తళతళలాడుచున్నవి. అది మమ్ము దాటిపోయిన పిమ్మట తిరిగి చూచితిమి, వెనుక అమావాస్య. మావారు కారు ప్రక్కకు ఆపి, హారను మ్రోగించి, చేతితో సైగ చేసిరి. కొంతదూరము పోయిన తరువాత ఆ కారు వెనుక రెండు ఎర్రదీపములు వెలిగినవి. అందులో వెనుక నెవరు కూర్చుండిరో మాకు తెలియదు. లారీ పెద్దమనిషికి మేము పడిన యప్పులో ఒక కాసు తీర్చినట్లు మాత్రము తోచినది.